నెల రోజులు డ్రమ్ములో ఉంచిన కొర్రమట్ట

ఇబ్రహీంపట్నంలో సాగర్ రోడ్డు మీద, బస్టాండు దాటాక, నర్సింహమ్మ దగ్గర చేపలు రెండు చోట్ల ఉంటాయి. ముందు తడి గోనెపట్టా మీద రవ్వ, బొచ్చె, బంగారుతీగ. వచ్చినవాళ్లు మొప్పలెత్తి చూసి, వేలితో నొక్కి చూసి కొనుక్కుంటారు. వెనక ఒక నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, దాని మీద చిరిగిన వల ముక్క, వల మీద రాయి. అందులో బతికున్న కొర్రమట్టలు. కొర్రమట్ట నీళ్లలోంచి మూతి పైకెత్తి గాలి పీల్చుకునే చేప. బిందెడు నీళ్లలోనైనా రోజుల తరబడి బతుకుతుంది. రాయి పెట్టకపోతే ఎగిరి రోడ్డు మీద పడుతుంది.

కుంటలోంచి వచ్చిన రోజున కొర్రమట్టను ఆమె అమ్మదు. మూడు రోజులు బోరు నీళ్లలో ఉంచి, పొద్దునా సాయంత్రం నీళ్లు మారుస్తుంది. దాని కడుపులో ఉన్న బురదంతా పోయి, నీళ్లు తేటగా నిలిచిన తర్వాతే కత్తిపీట మీదికి తెస్తుంది. ఈ పని ఆమెకు అత్త నేర్పింది. నర్సింహమ్మ కొర్రమట్టకు బురద వాసన రాదని మన్నెగూడ నుంచి కూడా ఆడవాళ్లు వస్తారు. మా ఇంటికీ చాలా ఏళ్లుగా అక్కడి చేపే. రద్దీ తగ్గాక వెళ్తే ఆమె పొలుసు గీకుతూ మాట్లాడుతుంది. తొందరపెట్టకపోతే మొదట్నుంచి చెబుతుంది. కిందటి రెండేళ్లలో ఆ ఇంట్లో జరిగింది అలా ఆదివారాల్లో ముక్కలు ముక్కలుగా విన్నదే. వాళ్లు చేపలు పట్టే కుంట పేరు రాయను. దాని మీద బతికే ఇళ్లు చాలా ఉన్నాయి.

వాళ్లు గంగపుత్రులు. భర్త కిష్టా పోయి పదేళ్లయింది. ఇప్పుడు వల వేసేది కొడుకు సతీశ్, అమ్మేది ఈమె. కోడలు అనురాధకు పెళ్లయిన ఆరేళ్లలో రెండు కడుపులు నిలవలేదు. మూడోసారి నెల తప్పినప్పుడు ఇంట్లో ఎవరూ పైకి ఏమీ అనలేదట. కాని సతీశ్ వల తీసుకుని వెళ్లేటప్పుడు తల్లి గడప దాకా వచ్చి, పెద్దది పడితే అమ్మొద్దు, ఇంటికి తెమ్మని చెప్పేదట.

దాని వెనక వాళ్లింటి ఆనవాయితీ ఒకటి ఉంది. కోడలికి మూడో నెల పడినప్పటి నుంచి, ఆ వారం వలలో పడిన వాటిలో అన్నిటికన్నా ముసలి కొర్రమట్ట ఆమెది. ఇంకెవరూ రుచి చూడకూడదు. ఎండాకాలం కుంట ఎండిపోతే మిగిలిన చేపలన్నీ చస్తాయి. కొర్రమట్ట మాత్రం బురదలోకి దూరి, వాన పడేదాకా ఎలాగో ప్రాణం నిలుపుకుంటుంది. అలాంటి ఎండాకాలాలు ఎన్నో చూసిన చేపను తింటే ఆ మొండి ప్రాణం కడుపులో పిల్లకు వస్తుందని వాళ్ల నమ్మకం. నర్సింహమ్మకు వాళ్ల అత్త అలాగే పెట్టింది. సతీశ్ పుట్టాడు. ఈమె కోడలికి అలాగే పెట్టింది. ఆదివారం పొద్దున్నే చింతపులుసు పెట్టి, తలకాయ, కడుపు ముక్కలు ఏరి గిన్నెలో వేసి, తినేదాకా ఎదురుగా కూర్చునేది. మొదటి రెండుసార్లూ పెట్టేలోపే కడుపులు పోయాయి. ఈసారి మూడో నెల దాటింది, నాలుగు దాటింది. చేప పని చేస్తోందనుకుంది.

ఆ రోజుల్లోనే హిమజ అనే అమ్మాయి రావడం మొదలుపెట్టింది. పెద్ద అంబర్‌పేట్ పిల్ల, యూనివర్సిటీలో చేపల మీద చదువు. రెండు వారాలకోసారి వచ్చి రకానికొక చేప కొనేది. టేపు పెట్టి పొడుగు కొలిచేది, పొలుసు ఒకటి ఊడదీసి కవర్లో వేసుకునేది, వీపు కండ చిన్న ముక్క కోయించుకుని మంచు డబ్బాలో పెట్టుకునేది. మిగిలిన చేపను అక్కడే వదిలేసి పోయేది. కొంటావు గానీ వండుకోవు, మీ అమ్మకు పులుసు రాదా ఏమి అని నర్సింహమ్మ ఆటపట్టించేది. పొలుసు మీద గీతలు చూసి చేప వయసు చెప్పొచ్చని ఆ పిల్ల చెప్పినప్పుడు మాత్రం కత్తి పక్కన పెట్టి, పొలుసును వెలుతురుకు ఎత్తి చాలాసేపు చూసిందట. తను తల వెడల్పు చూసి చెప్పే లెక్కా ఆ పిల్ల గీతల లెక్కా కలిశాయని ఇప్పటికీ మురిసిపోతుంది.

చలికాలం నడుమ ఒక రోజు హిమజ డబ్బా లేకుండా వచ్చి, బేరాలు అయ్యేదాకా పక్కన స్టూలు మీద కూర్చుంది. తర్వాత చెప్పింది.

"అవ్వ, పెద్ద కొర్రమట్టలల్ల పాదరసం కనబడ్డది. హద్దు దాటలే గని దగ్గరికొచ్చింది. చిన్న చేపలల్ల మస్తు తక్కువున్నది."

"హద్దు దాటకుంటే ఇంక ఫికర్ ఏంది?"

"నీకు, నాకు అంత ఫికర్ లేదు. కడుపుతోని ఉన్నోళ్లకు, చిన్న పిల్లలకు గట్ల గాదు. కడుపుల పిల్ల మెదడు మీద పడ్తది. వాళ్లు వారం వారం పెద్దది తినొద్దు."

నర్సింహమ్మ నవ్వింది. పాదరసం అంటే ఆమెకు తెలుసు. సతీశ్ పుట్టినప్పుడు దవాఖానలో నర్సు చేతిలో జ్వరం చూసే గొట్టం జారి పగిలింది. తెల్లటి బొట్లు మంచం కింద ఉరుకుతుంటే పక్క మంచాల పిల్లలు వెంటపడ్డారు. నలభై ఏళ్లుగా చేపల కడుపులు కోస్తున్నాను, అలాంటి బొట్టు ఒక్కటీ కనబడలేదు అంది.

కంటికి కనబడేది కాదని ఆ పిల్ల ఓపికగా చెప్పుకొచ్చింది. అది కుంటలోకి ఎక్కడ నుంచి వచ్చిందో తనకూ ఖాయంగా తెలియదంది. బొగ్గు కాలిన పొగలో ఉంటుంది, వానతో దిగుతుంది. పగిలిన ట్యూబులైట్లు చెత్తలో పడేస్తారు. అదంతా బురదలోకి చేరుతుంది. బురదలో పురుగుకు చిటికెడు అంటుతుంది. వంద పురుగులు తిన్న చిన్న పరక చేపలో అదంతా ఉండిపోతుంది. అలాంటి పరకలను ఏళ్ల తరబడి మింగిన కొర్రమట్టలో ఇంకా ఎక్కువ. రవ్వ, బొచ్చె చేపలు నాచూ నలుసూ తిని పెరుగుతాయి గనుక వాటిలో తక్కువ. చేప ఎంత పెద్దదైతే, ఎంత ముసలిదైతే, దానిలో అంత ఎక్కువ. కండలోనే కలిసిపోయి ఉంటుంది, ఉప్పూ పసుపూ పెట్టి కడిగినా పోదు, ఎంత ఉడికించినా పోదు.

ముసలిది అన్న మాట దగ్గర నర్సింహమ్మ నవ్వు ఆగిపోయింది. ఆ సాయంత్రం గోనెపట్టా మడిచి ఇంటికి నడుస్తూ ఆదివారాలు లెక్కపెట్టుకుంది. పద్నాలుగు. ఇంట్లో అనురాధ ఆరో నెల కడుపుతో గడప మీద కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది. ఆమెకు చెప్పకుండా పక్కనే కూర్చుని తనూ కాయలు తుంచిందట.

ఆ రాత్రి ఆమెకు తట్టిన ఆలోచన, జీవితమంతా డ్రమ్ముతో గడిపిన మనిషికే తడుతుంది. ముక్కలను కడిగితే పోదంది ఆ పిల్ల. బతికున్న చేపను మంచి నీళ్లలో ఉంచితే పోదని అనలేదు. ఆ పిల్ల పొలుసులు చదువుకుంది గానీ కొర్రమట్టను మూడు రోజులు ఉంచి చూసిందా? బురద వాసన కూడా కండలోనే ఉంటుంది. మూడు రోజుల్లో అది దిగిపోతోంది కదా. దీనికి ముప్పై రోజులు పడుతుందేమో. దిగిపోతే ఆనవాయితీ తప్పదు, కోడలికి భయం చెప్పాల్సిన పనీ ఉండదు.

హిమజకు ఫోన్ చేసింది. ఆ పిల్ల పోదని గట్టిగానే చెప్పింది, కాని ఈమె వినలేదు. ఒకే చేపలో ముందూ తర్వాతా చూడాలి, రెండు చేపలైతే నేను ఒప్పుకోను అని షరతు కూడా పెట్టింది. ఆ మాటకు హిమజకు ముచ్చట వేసినట్టుంది. రెండో రోజు రీఫిల్లంత సన్నటి గొట్టం పట్టుకుని వచ్చింది. సతీశ్ తెచ్చిన మూడు కిలోల కొర్రమట్టను ఈమె తడి గుడ్డలో చుట్టి పట్టుకుంటే, ఆ పిల్ల వీపు మీద నుంచి గింజంత కండ తీసుకుంది. గాయం మీద నర్సింహమ్మ పసుపు అద్ది, పెరట్లో కొత్తగా కొన్న డ్రమ్ములో వదిలింది. ఇంట్లోవాళ్లకు ఏమీ చెప్పలేదు. యూనివర్సిటీవాళ్ల చేప, ముట్టుకోవద్దు అని మాత్రం అంది.

మొదటి ఆదివారం అనురాధ గిన్నెలో వేలెడు జెల్ల చేపలు పడ్డాయి. రెండో ఆదివారం కూడా అంతే. పెరట్లో మూడు కిలోల చేప మూతి పైకెత్తి గాలి పీల్చుకుంటూనే ఉంది. అది వల మీద తల కొట్టుకున్న చప్పుడు వంటింట్లోకి వినపడేది. కోడలి వాటా చేప ఆపడమంటే ఆ ఇళ్లలో చిన్న మాట కాదు. సతీశ్ తల్లిని రెండుసార్లు నిలదీశాడు. యూనివర్సిటీ మాట నమ్మక, ఎవరికి ఇస్తానని మాట ఇచ్చావు, అంత పెద్దింటివాళ్లు ఎవరు అని వెటకారం చేశాడు. ఆమె నీళ్లు మారుస్తూ ఊరుకుంది. అనురాధ మూడో ఆదివారం దాకా ఆగింది.

"అత్త, ఒకటడుగుత, సీదా చెప్పు. నా మీద ఏమన్న మనసుల పెట్టుకున్నవా?"

"నీ మీద నాకేముంటది బిడ్డ. చేప ఇంక జర కడుగుకోవాలె, గంతే."

ఆ జవాబు తనకే సరిపోలేదని నర్సింహమ్మ చెప్పింది. అప్పటి నుంచి అనురాధ అన్నం తక్కువ తినేది. మధ్యాహ్నాలు తల్లితో ఫోన్లో మెల్లగా మాట్లాడేది. బజార్లో కూడా ఈమెకు ఆ నెల సుఖంగా గడవలేదు. కడుపుతో ఉన్నవాళ్ల కోసమని ఎవరు వచ్చినా, డ్రమ్ములో మూడు కొర్రమట్టలు కదులుతున్నా, పెద్దవి పడలేదని అబద్ధం చెప్పింది. నీళ్లు మాత్రం ఒక్క పూట తప్పలేదు. పొద్దున పది బిందెలు, సాయంత్రం పది బిందెలు. నెల తిరిగేసరికి డ్రమ్ములో నీళ్లు అడుగు కనబడేంత తేటగా ఉన్నాయి. పసుపు అద్దిన చోట గాయం మానిపోయింది. తిండి లేక చేప నడుము సన్నబడింది, తల మాత్రం మునుపటిలాగే పెద్దగా కనబడేది.

హిమజ మళ్లీ గింజంత కండ తీసుకెళ్లింది. పది రోజుల తర్వాత రెండు లెక్కలూ కలిపి తెచ్చింది. తగ్గలేదు. ఒక పిసరు పెరిగినట్టే ఉంది. బయటి నుంచి ఏమీ చేరలేదు, చేప బక్కచిక్కి కండ తగ్గింది, అందులో ఉన్నది అలాగే ఉండిపోయింది అని ఆ పిల్ల విడమరిచి చెప్పింది. బురద వాసన వేరు, అది రోజుల్లో పోతుంది. ఇది కండను పట్టుకుని ఏళ్లు ఉంటుంది. నర్సింహమ్మ ఆ కాగితం తీసుకుని, చదవడం రాకపోయినా రెండు అంకెలనూ వేలితో తడిమింది. నెల రోజుల నీళ్లు ఆ రెండు అంకెల మధ్యే పోశానని అంది నాతో.

ఆ రోజు బేరం సగంలో ఆపేసి ఇంటికి వెళ్లింది. అనురాధ ముందు స్టూలు లాక్కుని కూర్చుని, హిమజ మొదటిసారి చెప్పిన దగ్గర నుంచి అంతా చెప్పింది. ఒక్కటీ దాచలేదు.

"పద్నాలుగు ఆదివారాలు నా చేతులతోనే పెట్టిన బిడ్డ. తినేదాక ఎదురుంగ కూసున్న."

అనురాధ కడుపు మీద చెయ్యి వేసుకుని పెరటి వైపు చూసింది. తర్వాత అడిగింది.

"మరి నెల సంది ఎందుకు జెప్పలే?"

"డ్రమ్ముల పెట్టి అంత పోగొట్టి, మంచిగైనంక మళ్ల నీకే పెడ్దామనుకున్న. నువ్వు భయపడొద్దని."

"నువ్వు నన్నే వద్దనుకున్నవనుకున్న అత్త. మా అమ్మోళ్లింటికి పోతనని చెప్పిన. బట్టలు గూడ సదిరి పెట్టుకున్న."

ఆ బట్టల సంచి మంచం కింద ఉందట. సతీశ్ వచ్చి దాన్ని బయటికి లాగి, మళ్లీ అల్మారాలో సర్దాడు. ఎవరూ ఎవరినీ తిట్టుకోలేదు. మరుసటి పొద్దున ముగ్గురూ దవాఖానకు పోయారు. హిమజ కాగితం చూసి డాక్టరమ్మ కొట్టిపారేయలేదు, భయపెట్టనూ లేదు. తిన్నదానికి ఇప్పుడు మందు ఏమీ లేదు, మానేస్తే ఒంట్లోంచి నెలల మీద దానంతటదే తగ్గుతుంది అంది. హద్దు దాటని చేప గనుక ఏమీ కాకపోవచ్చు, ఏమీ కాదని రాసిచ్చేంత ధైర్యం మాత్రం నాకు లేదు అంది. చేప పూర్తిగా మానొద్దు, పిల్లకు అదీ కావాలి, చిన్నవి తిను అంది. పుట్టాక ఏ నెలలో ఏం చేస్తుందో చూసుకుంటూ ఉండమంది. ఆ ఆఖరి మాటను నర్సింహమ్మ కొంగున ముడి వేసుకున్నట్టు పట్టుకుంది.

ఈలోగా సంగతి చేపలు పట్టేవాళ్ల సంఘం దాకా పాకింది. పోయిన భర్త కిష్టాకు అన్న వరస ఎంకయ్య సంఘంలో పెద్దమనిషి. డెబ్బై దాటాడు. వచ్చి గోనెపట్టా ఎదురుగా గొంతుక్కూర్చుని, పాదరసం అన్న మాట బజార్లో అనొద్దన్నాడు. జనానికి రవ్వకూ కొర్రమట్టకూ తేడా తెలియదు, కుంట చేప అంటేనే మొహం తిప్పుకుంటారు, అరవై ఇళ్ల పొయ్యిలు ఆరిపోతాయి అన్నాడు. అందులో అబద్ధం లేదని ఆమెకూ తెలుసు. చాలాసేపు పొలుసు గీకుతూ ఆలోచించి చెప్పిందట, బజారంతా చాటింపు వెయ్యను, కాని నా డ్రమ్ములోంచి పెద్దది ఏ కడుపులోకి పోతుందో అడక్కుండా ఇవ్వను అని.

"మరి గా పెద్దవన్ని ఎవలికి అమ్ముతవ్ మరదలా?"

"నీ అసొంటోళ్లకే బావ. నీకింక పుట్టేటోళ్లు ఎవలున్నరు? తిని పండు."

పక్కన కూరగాయలామె నవ్వింది. ఎంకయ్య కూడా నవ్వక తప్పలేదు. పెరట్లో నెల రోజులు స్నానం చేసిన కొర్రమట్ట చివరికి ఆయన ఇంటికే పోయింది. ఇంత నీళ్లు తాగిన చేపకు ఇంత ఎండు కండ ఏమిటని ఆయన వారం రోజులు సణిగాడు.

అప్పటి నుంచి నర్సింహమ్మ కొర్రమట్ట అడిగినవాళ్లను ముందు ఎవరికని అడుగుతుంది. కడుపుతో ఉన్నవాళ్లకంటే, బాలింతకంటే, చిన్నపిల్లలకంటే, గోనెపట్టా మీది జెల్లలో, పరకలో, కిలో లోపు రవ్వో చూపిస్తుంది. ఎందుకో చెబుతుంది. తనకు అర్థమైనంతే చెబుతుంది, పెంచదు. కొందరు వింటారు. కొందరు ముసలామెకు చాదస్తం పట్టిందని నాలుగు అడుగుల అవతల వేరే డ్రమ్ములో కొనుక్కుంటారు. నేను ఉండగానే ఒక రోజు మన్నెగూడ నుంచి నందిని అనే ఆమె వచ్చింది. రెండో కాన్పు, ఐదో నెల. పెద్దదే కావాలని పట్టుబట్టింది. మొదటి కాన్పుకు నెలనెలా నువ్వే కదా ఏరి ఇచ్చావు, ఇప్పుడు నాకెందుకు ఇవ్వవు అని అడిగింది.

"అవ్, నేనే ఇచ్చిన. తెల్వక ఇచ్చిన." నర్సింహమ్మ కత్తి కింద పెట్టింది. "పిల్లగాడు మంచిగున్నడా?"

మంచిగున్నాడని, ఒకటో తరగతిలో ఉన్నాడని నందిని చెప్పింది. మాటలు ఎప్పుడొచ్చాయి, బడిలో చెప్పింది గుర్తుంటుందా, చేతులు వణకవు కదా అని ఈమె ఒకటి తర్వాత ఒకటి అడుగుతుంటే నందిని మొహం మారింది. చివరికి అరకిలో జెల్లలు తీసుకుని వెళ్లింది. ఇలా ఎంతమంది ఉంటారో లెక్క కూడా తెలియదు, నలభై ఏళ్లు ఇచ్చాను అంది నర్సింహమ్మ, ఆమె వెళ్లిన వైపే చూస్తూ. ఏమీ కాలేదేమో, ఏదైనా అయి ఉన్నా దాన్ని ఎవరూ చేపకు ముడిపెట్టలేదేమో. ఆమెకు తెలిసే దారి లేదు.

తెలుసుకోగలిగింది ఒక్క పిల్ల సంగతే. ఎండాకాలంలో అనురాధకు ఆడపిల్ల పుట్టింది. నిండు నెలలు, మంచి బరువు. పోశమ్మ అని పిలుచుకుంటారు, బడిలో వేరే పేరు రాయిస్తారట. ఆ పిల్లకు మూడో నెలలో మెడ నిలిచిందా, ఐదో నెలలో బోర్లా పడిందా అని నర్సింహమ్మ అంగన్‌వాడీ టీచరును అడిగి నెలనెలకూ తెలుసుకుంటూ వచ్చింది. పిల్ల వెనక నిలబడి స్టీలు మూత మీద గరిటె కొట్టి, తల తిప్పుతుందో లేదో చూసేది. ఎర్ర గాజు ఒకటి కళ్ల ముందు అటూ ఇటూ ఆడించేది. మెడ వేళకే నిలిచింది. బోర్లా పడటం ఒక పది రోజులు ఆలస్యమైతే ఆ పది రోజులూ అన్నం సయించలేదట.

పోయిన ఆదివారం చేపలు వాళ్లింటికి వెళ్లి తెచ్చుకోవాల్సి వచ్చింది, తుఫాను వాన వల్ల బజారు లేదు. పిల్లకు తొమ్మిదో నెల. చాప మీద కూర్చుని ఎండు చిక్కుడు గింజను పట్టుకోవాలని చూస్తోంది. నాన్నమ్మ పక్కనే వంగి, టీచరు చెప్పినట్టు రెండు వేళ్లతో పడుతుందా, గుప్పిటతో పడుతుందా అని రెప్ప వేయకుండా చూస్తోంది. గింజ జారింది. మళ్లీ పెట్టింది. మళ్లీ జారింది. మూడోసారి పెట్టబోతుంటే అనురాధ వంటింట్లోంచి చెయ్యి తుడుచుకుంటూ వచ్చింది. గింజను తీసి కొంగున వేసుకుంది, పిల్ల నోట్లో పెట్టుకుంటుందని.

"అత్త, సాలు. రోజూ పరీక్షలేనా దానికి? ఏమన్న ఉంటే మనమే సాదుకుంటం, లేకుంటే లేదు. జర ఎత్తుకో, పొద్దటి సంది నీ దిక్కే సూస్తున్నది."

నర్సింహమ్మ చేతులు ముక్కు దగ్గర పెట్టుకుని చూసుకుంది. చేపల వాసన ఉన్నట్టుంది. పెరట్లోకి వెళ్లి సబ్బుతో మోచేతుల దాకా కడుక్కుని వచ్చి, పిల్లను ఎత్తుకుని వాన చూపించడానికి గడప దాకా తీసుకెళ్లింది.